ఓబులేసును ఏమని పిలవాలి?

బుడుగు అసలు పేరు మనకు తెలియదు. 1956-57లో ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్లపూడి వెంకటరమణ రాస్తుంటే, బాపు బొమ్మలు గీస్తుంటే జనం వారం వారం చదివారు. పుస్తకమయ్యాక మూడు నాలుగు తరాలు చదివాయి. ఆ పిల్లాడి పేరు బడి రిజిస్టరులో ఏమని ఉంటుందని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. పొడుగాటి పేరొకటి ఉందని చెప్పి వాడూ ఊరుకుంటాడు. పుస్తకంలో ఇంకో పిల్ల ఉంది, సీగానపెసూనాంబ. బుడుగు నోటి నుంచి దాన్ని విడిపించి కడిగి ఆరేస్తే శ్రీ జ్ఞానప్రసూనాంబ అవుతుంది. శ్రీకాళహస్తి అమ్మవారి పేరు. అంత పెద్ద గుడి పేరు అంత చిన్న పిల్లకు పెట్టడం పెద్దవాళ్ల పని, దాన్ని నోటికి పట్టేంత ముక్కలు చేసుకోవడం పిల్లవాడి పని. మామూలుగా పిల్లల నవల్లో పేర్ల సంగతి ఈ రెండు పనుల మధ్యే నడుస్తుంది.

పాత కర్నూలు, కడప జిల్లాలకు వస్తే ఇందులో ఒక చిక్కు ఉంది. అక్కడ పేరును విరగ్గొట్టి వాడుకునే పనిని పెద్దవాళ్లే పిల్లల కంటే ముందు చేసేశారు. ఎన్నో తరాల కిందటే చేసేశారు.

ఓబులేసు అన్న పేరు తీసుకోండి. అహోబిలేశుడు. నల్లమలలో తొమ్మిది నరసింహులున్న అహోబిలాన్ని వాడుకలో ఓబులం అంటారు, అక్కడి స్వామి ఓబులేసు. ఆయన పేరు పెట్టుకున్నవాళ్లు ఓబన్న, ఓబయ్య, ఓబులమ్మ, ఓబుల్‌రెడ్డి. అదే నరసింహుడు బేతంచెర్ల దగ్గర మద్దిలేటిస్వామి, కాబట్టి ఆ చుట్టుపక్కల పిల్లవాడు మద్దిలేటి అవుతాడు. ఆదోని దాటి కౌతాళం వైపు పోతే ఉరుకుందలో ఆయనే ఈరన్నస్వామి. శ్రావణమాసంలో అక్కడికి వెళ్లే జనాన్ని చూస్తే ఆ తాలూకాల్లో ఇంతమంది ఈరన్నలు ఎందుకున్నారో వేరే వివరించనక్కర్లేదు. రాజంపేట వైపు వస్తే ఆయనే నెల్లూరు సరిహద్దు కొండల్లోని పెంచలకోన స్వామి, భక్తుడు పెంచలయ్య. అనంతపురం అంచుకు పోతే కదిరి స్వామి, భక్తుడు కదిరప్ప. దేవుడు ఒక్కడే, పేర్లు ఐదు. పిల్లవాడి పేరు వింటే వాళ్లమ్మ ఏ గుడికి మొక్కుకుందో, పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయించి ఉంటారో, ఏ రోడ్డున బస్సెక్కి ఉంటారో ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. రెవెన్యూ శాఖ మ్యాపుకు సర్వే నంబర్లు కావాలి, దీనికి అవి కూడా అక్కర్లేదు.

ఈ మ్యాపులో గుళ్లే ఉన్నాయనుకోకండి. దస్తగిరి అన్న పేరు ఈ జిల్లాల్లో ఎంత సహజమంటే, అది ఎక్కడిదని అడిగితే ఇక్కడిదే అంటారు. దస్తగీర్ అన్నది పన్నెండో శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న సూఫీ గురువు అబ్దుల్ ఖాదర్ జీలానీకి భక్తులు ఇచ్చిన బిరుదు. చేయి పట్టుకుని ఆదుకునేవాడని అర్థం. అంటే అదీ ఒకరకంగా ముద్దుపేరే. బాగ్దాదు గురువు ముద్దుపేరు కోవెలకుంట్లలో అసలు పేరై కూర్చుంది. దస్తగిరి ముస్లిమే కానక్కర్లేదు. దస్తగిరిరెడ్డి ఉంటాడు, దస్తగిరమ్మ ఉంటుంది. ఉసేనప్ప, పక్కీరప్ప, పీరయ్య, మౌలాలి కూడా అంతే. పీర్ల పండక్కి గుండం చుట్టూ ఊరంతా చేరే చోట, పీరుకు మొక్కుకుని కన్న బిడ్డకు పీరు పేరు పెట్టకపోతేనే మాట తప్పినట్టు. బ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్య దూదేకుల కుటుంబంలో పుట్టినవాడని కడప జిల్లాలో అందరికీ తెలుసు. ఆ పేరును రెండు వైపులవాళ్లూ తమదనుకున్నారు, పేచీ రాలేదు.

తెల్లదొర పేరూ ఇందులో చేరింది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా చేసిన థామస్ మన్రో, తర్వాత మద్రాసు గవర్నరై, పర్యటనలో ఉండగా 1827 జూలై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఈ సీమలో మగపిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకోవడం ఆయన పోయాక కూడా చాలాకాలం సాగింది. శిస్తు వసూలు చేసిన మనిషి పేరు బిడ్డకు పెట్టుకోవడం ప్రపంచంలో తరచుగా జరిగే పని కాదు. ఆ ‘అప్ప’ను గమనించండి. పరాయి పేరును ఇంట్లోకి రానివ్వాలంటే వెనక ఒక అప్పనో అయ్యనో కట్టాలి. గుమ్మం బయట చెప్పులు విప్పించినట్టు.

పిల్లల నవల రాసేవారికి ఇదంతా ఎందుకంటే, పేరుతో పాత్రను పరిచయం చేసే పద్ధతి మనకు మొదట చందమామ నేర్పింది. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లలో ఖడ్గవర్మ అంటే కత్తి ఉన్నవాడని, జీవదత్తుడంటే మంత్రమో తెలివో ఉన్నవాడని, సిద్ధసాధకుడంటే కాస్త గోల చేసేవాడని పేరు పలకగానే పిల్లలకు తెలిసిపోయేది. ఆ పేరు మనిషి స్వభావం నుంచి వచ్చింది. ఓబులేసు పేరుకు ఓబులేసు స్వభావంతో సంబంధం లేదు. ఆ పేరు వాడు పుట్టకముందే సిద్ధంగా ఉంది, అందులో వాడి వంతు ఏమీ లేదు. అసలు వాడొక్కడి కోసం పెట్టిందే కాదు.

ఎందుకో చూద్దాం. తాత పేరు ఓబులేసు. పెద్దకొడుకు తన మొదటి కొడుక్కి తండ్రి పేరు పెడతాడు. రెండో కొడుకూ అదే చేస్తాడు, మూడోవాడు మాత్రం ఎందుకు మానుకుంటాడు, తండ్రి అందరికీ తండ్రే కదా. పదేళ్లు తిరిగేసరికి ఒకే వంశంలో పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు తయారవుతారు. ఇంటిపేరూ ఒకటే. ఒక్కోసారి బడీ ఒకటే, తరగతీ ఒకటే. ఓటర్ల జాబితాల్లో పెద్ద, చిన్న అన్న మాటలు పేరులో భాగంగానే అచ్చయి కనబడతాయి. డెబ్బై ఏళ్ల ముసలాయన చిన్న దస్తగిరిగానే ఉండిపోతాడు. పెద్ద దస్తగిరి పోయినా ఈయనకు ప్రమోషన్ రాదు.

అసలు మెలిక ఇక్కడుంది. కోడలు మామగారి పేరు పలకకూడదు. మొగుడి పేరు సరేసరి. ఇప్పుడు ఆమె కన్న కొడుక్కి ఆ మామగారి పేరే పెట్టారు. అంటే తొమ్మిది నెలలు మోసినామె తన బిడ్డను వాడి పేరుతో పిలవలేదు, తిట్టాలంటే అసలే కుదరదు. ఓబులేసుగా అని గట్టిగా కేకేస్తే వరండాలో కూర్చున్న ముసలాయనకు తగులుతుంది. కాబట్టి ఆమె అబ్బోడా అంటుంది, నాయనా అంటుంది, పెద్దోడా, బుడ్డోడా అంటుంది. ఇంట్లో ఆ పిలుపే ఖాయమవుతుంది. కొడుకును నాయనా అని పిలవడంలో గారాబం ఎంతుందో ఈ లెక్కా అంతే ఉంది: నాయన పేరున్నవాడు నాయనే. మిగతాచోట్ల ముద్దుపేరు ముద్దుకోసం పెడతారు. ఇక్కడ అది ఇల్లు నడవడానికి కావలసిన సామాను.

కాబట్టి ఈ సీమ పిల్లవాడికి పేరు ఒకటి కాదు, కనీసం మూడు. దేవుడికీ తాతకూ చెల్లించిన పేరొకటి. అమ్మ పిలిచేది ఒకటి. మూడోది ఊరు పెట్టేది, దాని గురించి తర్వాత చెబుతాను.

చావుకు భయపడి పెట్టే పేర్లు వేరే ఉన్నాయి. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, ఆ తర్వాత పుట్టినవాణ్ని పెంటకుప్ప మీద పొర్లించి పెంటయ్య అనేవారు, కుప్పయ్య, కుప్పమ్మ అనేవారు. తిని పారేసిన విస్తరాకుల్లో పడుకోబెట్టి తీసి పుల్లయ్య అనో పుల్లమ్మ అనో పెట్టేవారని చెబుతారు. అడిగి తెచ్చుకున్న బిడ్డ బిచ్చమ్మ. విలువలేని వస్తువని నమ్మిస్తే మృత్యువు పట్టించుకోకుండా పోతుందని ఆశ. కరువులూ కలరాలూ వరసకట్టి వచ్చిన నేల ఇది. 1876-78 కరువు ఒక్కటే ఈ జిల్లాల్లో ఎన్ని ఊళ్లను ఊడ్చేసిందో తలచుకుంటే ఆ ఆశను మూఢనమ్మకమని కొట్టేయడానికి నోరు రాదు. పేరు కింద అంత భయం, అంత ప్రేమ ఉన్నాయని పెంటయ్యకు ఎవరూ చెప్పరు. బళ్లో పిల్లలు నవ్వుతారు. పిల్లల నవలకు ఇంతకంటే మంచి రహస్యం ఎక్కడ దొరుకుతుంది? ముందు పోయిన ముగ్గురి సంగతి ఏ అవ్వో చెప్పేదాకా పిల్లవాడు తన పేరును అసహ్యించుకుంటూనే ఉంటాడు. అవ్వ చెప్పాక మాత్రం ఇష్టపడతాడని నేననను, రచయిత కూడా అంత తొందరపడకూడదు.

అక్కర్లేదని పెట్టే పేర్లను ఈ భయం పేర్లతో కలపకూడదు. మహారాష్ట్ర సతారా జిల్లాలో ఆడపిల్లలకు నకుశా, అంటే వద్దనుకున్నది అని పేరు పెట్టేవారు. 2011 అక్టోబరులో అక్కడి అధికారులు సభ పెట్టి 285 మంది పిల్లలకు కొత్త పేర్లిచ్చారు. పెంటయ్య పేరు బిడ్డను దాచడానికి, నకుశా పేరు బిడ్డ మొహం మీదే తలుపు వేయడానికి.

మగపిల్లవాడి కోసం ఎదురుచూడటం జపానులోనూ ఉంది. తెలుగులో ‘రైలుబడి’గా చదువుకున్న తొత్తోచాన్ పుస్తకంలో (జపానులో 1981లో వచ్చింది) అమ్మానాన్నలు అబ్బాయి పుడతాడని తోరు అన్న పేరు సిద్ధం చేసుకుంటారు. అమ్మాయి పుట్టింది. తోరు రాసే అక్షరాన్నే ఇంకో ఉచ్చారణతో తెత్సు అని చదివి, ఆడపిల్లల పేర్ల చివర పెట్టే ‘కో’ తగిలించి తెత్సుకో చేశారు. అక్షరం వృథా కాలేదు. ఆ పిల్ల చెవికి మాత్రం తెత్సుకో చాన్ అన్న పిలుపు తొత్తో చాన్ అని వినబడింది, చాన్ అన్నది ముద్దుగా తగిలించే మాట అని తెలియక అదీ పేరే అనుకుంది. ఎవరో రాబోయే అబ్బాయికి కుట్టిన చొక్కాను ఆ పిల్ల తన ఒంటికి సరిపడా కత్తిరించుకుంది. బుడుగు వేరేవాళ్ల పేరును విరగ్గొట్టాడు. ఈ పిల్ల తన పేరునే విరగ్గొట్టింది, ప్రపంచమంతా ఆ విరిగిన ముక్కతోనే ఆమెను గుర్తుపెట్టుకుంది.

ఇక ఊరు పెట్టే పేరు. ఇంటి పేరు కూడా ఒకప్పుడు ఊరు పెట్టిందే. ఎదుగూరి సందింటి రాజశేఖరరెడ్డి అన్న పేరులో వై ఎక్కడిదో ఎస్ ఎక్కడిదో రాష్ట్రమంతా నేర్చుకుంది. సందింటి అన్న మాటలో మాత్రం సందులో ఉన్న ఇల్లు ఇంకా వినబడుతుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు నవల ‘మూలింటామె’ పేరూ అలాంటిదే, మూలన ఉన్న ఇంట్లో ఆమె. చిత్తూరు జిల్లా సీమలో దక్షిణపు కొస అయినా పద్ధతి అదే. నామిని ఇంకో పుస్తకం ‘సినబ్బ కథలు’. సినబ్బ అన్న పేరులో వయసుంది, ఇంట్లో స్థానముంది, మాండలికముంది. చిన్నబ్బ అని దిద్దితే ఆ పిల్లవాడు పుస్తకంలోంచి లేచి వెళ్లిపోతాడు. కోవెలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉరితీసిన నరసింహారెడ్డి ఇంటిపేరు మజ్జారి. చరిత్రలోనూ పాటల్లోనూ సినిమాలోనూ ఆయన ఉయ్యాలవాడ నరసింహారెడ్డే. ఊరు తన పేరునే ఆయనకు ఇచ్చేసింది.

సీమకే ఇలాంటిది జరిగింది. 1800లో నిజాం కుంఫిణీకి ఇచ్చేశాడు కాబట్టి దత్తమండలాలు అన్నారు. చేతులు మారిన వస్తువుకు కట్టిన చీటీలాంటి పేరు. 1928 నవంబరులో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అందామన్నారు, నిలిచింది. ఇంట్లో పిలుపు నచ్చక బళ్లో వేసేటప్పుడు మంచి పేరు రాయించినట్టు.

ఊరు పెట్టే పేరు ఎప్పుడూ ఇంత మర్యాదగా ఉండదు. నల్లోడు, బక్కోడు, కుంటోడు, మెల్లకన్నోడు: ఒంట్లో కనిపించే మొదటి విషయమే పేరు. పిల్లల పుస్తకాలు దీని జోలికి పోవాలంటే జంకుతాయి, జంకాల్సిందే. కానీ ఇంతకంటే పెద్ద సంగతి పేరు తోకలో ఉంది. ఒకే దేవుడి పేరు పెట్టుకున్న నలుగురిని చూడండి. ఒకాయన ఓబుల్‌రెడ్డి, ఒకాయన ఓబయ్య, ఒకతను ఓబన్న, నాలుగోవాడు ఓబిగాడు. నాలుగోవాడికి అరవై ఏళ్లుండొచ్చు, పిలిచేవాడికి పదేళ్లుండొచ్చు. దేవుడు ఇచ్చినప్పుడు పేరు ఒకటే, ఊళ్లో పంచేటప్పుడు కులం కొలత పెట్టి పంచింది. మాల మాదిగ వాడల్లో చాలామంది క్రైస్తవం తీసుకున్నాక దేవదాసు, యేసురత్నం, జయరాజు వంటి పేర్లు పెట్టుకోవడానికి భక్తి ఒక కారణం. ‘గాడు’ అని తగిలించడానికి వీలివ్వని పేరు కావాలన్నది ఇంకో కారణమై ఉంటుందని నా ఊహ. వీలివ్వని పేరంటూ ఏదీ లేదని ఊరు తొందరగానే నిరూపించి ఉంటుంది, అది వేరే సంగతి. పదేళ్ల పిల్లవాడు తన తాత వయసు మనిషిని గాడు అని పిలిచి, మొదటిసారి నాలుక తడబడితే ఆ తడబాటు చుట్టూ ఒక నవల రాయొచ్చు.

ఆర్.కె. నారాయణ్ 1935లోనే ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’లో తోక సంగతి ఇంకోలా వాడుకున్నాడు. పోలీసు సూపరింటెండెంటు కొడుకు రాజం కొత్తగా బళ్లో చేరాక స్వామి వాడి వెంట తిరుగుతాడు, పాత స్నేహితులు స్వామికి ‘తోక’ అని పేరు పెడతారు. సామ్యూల్ అన్న చిన్న పిల్లవాడు ‘బఠాణీ’. ఒంటి కొలతకు పెట్టింది. బఠాణీ అంటే వాడికి కోపం లేదు, తోక అన్నందుకు స్వామికి ప్రాణం పోయినంత పనైంది. ఒంటిని చూసి పెట్టిన పేరును మోయొచ్చు. చేసిన పనిని చూసి పెట్టిన పేరు నిజమని తనకూ తెలుసు కాబట్టి మోయలేడు. పిల్లల మధ్య పేర్లు ఎలా పనిచేస్తాయో చెప్పడానికి నారాయణ్‌కు ఇంతకు మించి పేజీలు అవసరం పడలేదు.

కడప జిల్లాలో ఒక పెద్దమనిషి తన ముద్దుపేరు తనే పెట్టుకున్నాడు. విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి, రా.రా. తెలుగులో పెద్దవాళ్లనెవరినైనా రారా అంటే అమర్యాద, ఈయన్ని మాత్రం ‘రారా’ అని పిలవడమే గౌరవం. తన రాతలతో చాలామంది రచయితలను హడలగొట్టిన మనిషి ఆ పేరు ఎంచుకోవడంలో కొంత చమత్కారం ఉండే ఉంటుంది.

ఇప్పటి పిల్లల పేర్లు వేరు. కర్నూలు బళ్లలోనూ హన్విక్‌లు, జశ్విత్‌లు, రిషిక్‌లు వచ్చారు. వాటి అర్థం పేరు పెట్టినవాళ్లకు ఫోనులో చూస్తేగానీ తెలియదు. అందులో తప్పేమీ లేదు, ఓబులేసు అర్థం కూడా ఓబులేసులందరికీ తెలియదు. పైగా ఈ పిల్లలకు పేరు సొంతం, తాతతో పంచుకోనక్కర్లేదు, తల్లి హాయిగా నోరారా తిట్టొచ్చు. పుట్టిన నక్షత్రం అక్షరం ఒకటి, మొక్కు తీర్చే దేవుడి పేరు రెండోది, పిలిచేది మూడోది అంటూ ఆధార్ కార్డులో నిలువునా రాయించేవాళ్లూ ఉన్నారు. మొక్కు మొక్కే కాబట్టి ఈరన్న పోలేదు, మధ్యలో ఒక ఇంగ్లీషు అక్షరంగా మిగిలాడు.

నాకు ఇబ్బంది కలిగించేది పుస్తకాల్లో పిల్లలు. కడప జిల్లా పల్లెలో జరిగే కథ అంటారు, వేరుశనగ చేను ఉంటుంది, ఎండిన బావి ఉంటుంది, పిల్లల పేర్లు చింటూ, బంటీ, పింకీ. చేను వర్ణించడానికి రెండు పేజీలు ఖర్చుపెట్టిన రచయిత పేరు దగ్గర టీవీ మీద ఆధారపడ్డాడు. చింటూ వెనక గుడి లేదు, తాత లేడు, పెదనాన్న కొడుకు ఇంకో చింటూతో తగాదా లేదు. కథకు కావలసిన ముడులన్నీ పేరులోనే వేసి ఇచ్చిన సీమలో, ముడి లేని పేరు వెతికి తెచ్చుకోవడం అనవసరమైన శ్రమ.

నేనైతే ఆ నవలను ఆలూరు వైపు ఏదో ఊళ్లో, ఒక సర్కారు బళ్లో మొదలుపెట్టమంటాను. ఐదో తరగతిలో ఈరన్నలు ముగ్గురు. అయ్యవారు ఒకటి, రెండు, మూడు అని నంబర్లేసుకున్నాడు. మధ్యాహ్నం పూట ఒకామె వచ్చి, ఇంటికాడ పనుంది, మావోణ్ని పంపించండి సార్ అంటుంది. ఏ తరగతి? ఐదు. పేరు? ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరుగుతుంది. పేరు చెప్పమ్మా అని హెడ్మాస్టరు గట్టిగా అంటాడు. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చాడు, ఆమెకు చెవుడేమోనని అనుమానం. మొదటి బెంచీలో కూర్చున్న పిల్ల లేచి సాయం చేస్తుంది.

“ఆయమ్మ చెప్పదు సార్. వాళ్ల మామ పేరే పిల్లోనికి పెట్టినారు.”

“సరే, ఆ మామ పేరేంటమ్మా?” అంటాడు హెడ్మాస్టరు, ఆమె వైపే తిరిగి.